‘లంఖణం పరమౌషధం’: ఎవరికి, ఎన్నాళ్లు?

పోయిన వారం గ్రూపులో ఒక మిత్రుడు అడిగారు: ‘లంఖణం పరమౌషధం’ అన్న మాటలో లంఖణం అంటే ఉపవాసమేనా? దానికి నోబెల్ బహుమతి వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతున్నది నిజమేనా? రెండింటికీ కలిపి జవాబు రాస్తున్నాను. కాస్త పెద్దదే. ఈ మాటను పట్టుకుని జ్వరం వచ్చిన పిల్లల్ని, ముసలివాళ్లని కడుపు మాడ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి పొడిగా చెప్పి వదలబుద్ధి కాలేదు.

ముందు మాట సంగతి. సంస్కృతంలో ఇది లంఘనం. దాటడం, దూకడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. హనుమంతుడు చేసింది సముద్ర లంఘనం. మన నోట్లో పడి లంఖణం, లంకణం అయింది. తిండి మానడానికి కారణాన్ని బట్టి పేరు మార్చే అలవాటు తెలుగుకు ఉంది. దేవుడి కోసమైతే ఉపవాసం, ఒక్కపొద్దు. ఇంట్లో గింజ లేకపోతే పస్తు. పంతం పట్టి కూర్చుంటే నిరాహార దీక్ష. లంకణం మాత్రం ప్రధానంగా రోగిది. తిండి లేక పస్తున్నవాళ్లు ‘మా ఇంట్లో లంకణాలే’ అంటే అది రోగి దగ్గర అరువు తెచ్చుకున్న మాటే.

పాత ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో, సూత్రస్థానం అనే భాగంలో 22వ అధ్యాయం పేరు లంఘనబృంహణీయం. అక్కడ నిర్వచనం ఇలా ఉంది: ‘యత్కించిల్లాఘవకరం దేహే తల్లంఘనం స్మృతమ్’. ఒంటికి తేలికదనం తెచ్చేది ఏదైనా లంఘనమే అని. దాన్ని పది రకాలుగా చెప్పాడు. వమనం (వాంతి చేయించడం), విరేచనం వంటి శోధనలు, అంటే ఒంటిని శుభ్రపరిచే పద్ధతులు నాలుగు, ఆపైన దాహం ఓర్చుకోవడం, గాలి, ఎండ, అరుగుదలకు తోడ్పడే పాచన ద్రవ్యాలు, ఉపవాసం, వ్యాయామం. అంటే ఉపవాసం పదింట్లో ఒకటి. ఆ లెక్కన పొద్దున్నే చేసే వ్యాయామమూ లంఘనమే! పైగా అధ్యాయం పేరులోనే దానికి జోడీగా బృంహణం ఉంది, అంటే ఒంటికి పుష్టి ఇచ్చే చికిత్స. జనం నోట లంఘనం నిలిచింది, బృంహణం జారిపోయింది.

అసలు విషయం జ్వర చికిత్స దగ్గరుంది. ‘జ్వరే లంఘనమేవాదౌ’ అని అందరూ ఉదహరిస్తారు. శ్లోకం అక్కడ ఆగదు:

జ్వరే లంఘనమేవాదావుపదిష్టమృతే జ్వరాత్
క్షయానిలభయక్రోధకామశోకశ్రమోద్భవాత్

జ్వరం మొదట్లో లంఘనమే చెప్పారు, అయితే క్షయం, వాతం, భయం, కోపం, కామం, శోకం, శ్రమ వల్ల పుట్టిన జ్వరాలకు తప్ప. ఆ దగ్గర్లోనే ఇంకో హెచ్చరిక: ‘ప్రాణావిరోధినా చైనం లంఘనేనోపపాదయేత్, బలాధిష్ఠానమారోగ్యం’. రోగి సత్తువకు చేటు రాకుండా లంఘనం చేయించు, ఆరోగ్యం నిలబడేది బలం మీదే అని. ఇన్ని షరతులున్న మాట నాలుకల మీద నలిగి నలిగి రెండు పదాలకు కుదించుకుపోయింది. ఎవరికి, ఎన్నాళ్లు, ఏ రోగంలో అన్న ప్రశ్నలన్నీ రాలిపోయాయి. రెండు వందల ఏళ్లుగా వైద్య పరిశోధన తవ్వుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నలనే.

జ్వరానికి తిండి పెట్టకూడదన్న నమ్మకం మనది మాత్రమే కాదు, యూరప్‌లోనూ గట్టిగా ఉండేది. 19వ శతాబ్దంలో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దానికి ఎదురు నిలిచాడు. తన సమాధి మీద ‘ఇతడు జ్వరాలకు తిండి పెట్టాడు’ అని రాస్తే చాలు అన్నాడని చెబుతారు. తర్వాత న్యూయార్క్‌లో కోల్‌మన్, డుబోయిస్ అనే వైద్యులు టైఫాయిడ్ రోగుల ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో కొలిచారు. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఆ ఖర్చు సుమారు 13 శాతం పెరుగుతుందని డుబోయిస్ లెక్క. వారాల తరబడి కాలే జ్వరంలో లంకణాలు చేస్తే ఒళ్లు తన కండను తానే కరిగించుకుంటుంది. ‘లంకణాలు చేసి లేచినవాడిలా ఉన్నావు’ అనే మాట వెనకున్న మనిషి ఆ టైఫాయిడ్ రోగే అయ్యుంటాడని నా అనుమానం.

విరేచనాల సంగతి ఇంకా తీవ్రం. కడుపుకు విశ్రాంతి ఇవ్వాలని పిల్లలకు పాలూ నీళ్లూ ఆపేసేవారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన నీళ్లు తాగించారు. దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. గ్లూకోజ్ వెంట సోడియం పేగు గోడ దాటుతుంది, దాని వెంట నీరు వస్తుంది, కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇదే: ఓఆర్ఎస్, అంటే ఇలాంటి ఉప్పు-గ్లూకోజ్ నీళ్లు, తాగిస్తూనే ఉండండి, తల్లిపాలు, తిండి ఆపొద్దు. పసిపిల్లల విరేచనాలకు లంకణం మందు కాదు. ఈ ఒక్క ముక్క అయినా దయచేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి.

అలాగని లంఖణం పూర్తిగా ఓడిపోలేదు. 2016లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రోగనిరోధక శాస్త్రవేత్త మెజితోవ్ బృందం ఎలుకల మీద చేసిన పని చదివినప్పుడు నాకు ఆ శ్లోకమే గుర్తొచ్చింది. లిస్టీరియా అనే బాక్టీరియా సోకిన ఎలుకలకు గ్లూకోజ్ పెడితే చనిపోయాయి, తిండి మానినవి బతికాయి. ఫ్లూ వైరస్ సోకినవాటికి గ్లూకోజ్ అందకుండా చేస్తే చనిపోయాయి, తిండి పెడితే మేలు జరిగింది. రోగాన్ని బట్టి జవాబు తిరగబడింది. ఎలుకల మాట మనుషులకు అలాగే వర్తించదు. కానీ మనుషుల్లోనూ 2011లో బెల్జియంలో 4,640 మంది ఐసీయూ రోగులతో ఒక పరీక్ష చేశారు. నోటి ద్వారా, ట్యూబు ద్వారా చాలినంత తిండి వెళ్లనివారికి నరం గుండా పోషకాలు వెంటనే ఎక్కించడం మేలా, వారం ఆగడం మేలా అని చూస్తే, ఆగినవారికే ఇన్ఫెక్షన్లు తగ్గాయి, త్వరగా కోలుకున్నారు. మరణాల్లో మాత్రం తేడా లేదు.

ఇక శ్లోకంలోని ‘క్షయ’. అక్కడ దాని అర్థం ఒంట్లోని రక్తమాంసాల వంటి ధాతువులు క్షీణించడం, మనం ఇప్పుడు టీబీని పిలిచేదీ ఆ మాటతోనే. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు తిండి దినుసులు ఇచ్చి చూసిన ‘రేషన్స్’ అనే అధ్యయనాన్ని వైద్య పరిశోధకులు భార్గవ దంపతులు నడిపారు, దాని ఫలితాలు 2023లో వచ్చాయి. 2,800 మంది రోగుల ఇళ్లలోని 10,345 మందిని గమనించారు. రోగికి మాత్రమే ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే, కుటుంబానికి కూడా బియ్యం, పప్పు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవారికి చావు ముప్పు బాగా తగ్గింది. క్షయానికి కావాల్సింది బృంహణం.

నోబెల్ మాట: 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి వచ్చింది ఆటోఫేజీ మీద, అంటే కణం తన లోపలి చెత్తను తానే కరిగించి వాడుకునే పద్ధతి మీద. ఆయన చూసింది ఈస్ట్ కణాలను. ఏకాదశికో పదహారు గంటల డైట్‌కో ఇచ్చిన బహుమతి కాదది. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు ఆ మెసేజీ చూసి డాక్టరుని అడగకుండా లంకణాలు మొదలుపెడితే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

కామెంట్లలో ఒక అక్కయ్య ‘పథ్యం పెట్టడం’ గురించి అడిగారు. పథ్యం అంటే ఇప్పుడు కారం, పులుపు మానడం అనుకుంటున్నాం. లంకణాల తర్వాత రోగికి పెట్టే మొదటి తిండి కూడా పథ్యమే, ‘ఇవాళ పథ్యం పెట్టారు’ అంటే గండం గడిచిందని ఊరంతా అర్థం చేసుకునేది. చరకుడు కూడా లంఘనం తర్వాత యవాగువు, అంటే జావ, పెట్టమంటాడు. ఆ జావకు, దాన్ని పెట్టే రోజుకు మీ వైపు వేరే పేర్లుంటే, జిల్లా పేరుతో సహా కింద రాయండి. ఒకచోట చేర్చి పెడతాను.