ఈ వారం సమస్య: నూనె పోసి కడిగె నూనె మరక

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం సమస్యగా ఇచ్చాను, అర్థం కుదిరేలా పై మూడూ మీవి. నూనె మరకను నూనెతోనే కడగడమేమిటని విసుక్కోకండి, దారి ఉంది.

కాకినాడ కలం:
గొలుసు జారి చేత కొల్లగా నలుపంట
సబ్బు రుద్ది తండ్రి చాల విసిగి
బుడ్డి దీపమందు పోసెడి మన మట్టి
నూనె పోసి కడిగె నూనె మరక

నిర్వాహకుడు: భలే! 'మట్టి'ని మూడో పాదం చివర దాచి సమస్యను విరిచేశారు. సైకిలు గ్రీజు కిరసనాయిలుకే లొంగుతుంది. కానీ 'మన' ఎందుకండీ? గణం (పాదంలో అక్షరాల కొలత) నింపడానికే. 'పోసెడి యా మట్టి' అంటే తగణం సరిపోతుంది, పొల్లుమాట పోతుంది.

కాకినాడ కలం: ఒప్పుకున్నాను. దొరికిపోతానని తెలుసు.

కెమిస్ట్రీ మాస్టారు: బుడ్డిదీపం మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 19వ శతాబ్దంలో ప్యారిస్‌లో జోలీ అనే రంగుల అద్దకందారు ఇంట్లో దీపం ఒలికి, తడిసినంత మేర బల్లగుడ్డ శుభ్రపడిందనీ, డ్రైక్లీనింగ్ అలా మొదలైందనీ కథ చెబుతారు. నిజానిజాలెలా ఉన్నా, సూత్రం మాత్రం అదే. నీటిని దగ్గరికి రానివ్వని జిడ్డు, తన జాతిదైన నూనెలో కరిగిపోతుంది.

తారురోడ్డు:
కొత్త రోడ్డు నడువ కొడుకు పాదము తారు
అంటుకొనియె నీట నదియు పోదు
తలకు రాచునట్టి దబ్బున కొబ్బరి
నూనె పోసి కడిగె నూనె మరక

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) 'అంటు–అదియు'. 'నీటన్ + అదియు' అని విడదీస్తే కుదిరింది, బాగుంది. మరి కడిగిందెవరు? కర్త లేడు. పైగా 'రాచునట్టి దబ్బున' అంటే దబ్బున రాసుకున్నట్టుంది.

తారురోడ్డు: 'తల్లి తలకు రాచు దబ్బున కొబ్బరి' అంటే?

నిర్వాహకుడు: తల్లి వచ్చింది, కర్త దొరికింది. 'దబ్బున' ఇంకా కాస్త కదులుతోంది, పోనిద్దాం.

కెమిస్ట్రీ మాస్టారు: పద్యం ముగిసినా పని ముగియలేదమ్మా. తారు పోయాక కొబ్బరినూనె మిగులుతుంది. అప్పుడే సబ్బు. దాని అణువుకు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, రెండోది నీటిని. ముందు నీళ్లు పోస్తే పాదమంతా జిగురే.

కొత్త చెయ్యి: పట్టుచీర మీద రాద్దామనుకున్నాను. రెండో పాదం దగ్గరే ఆగిపోయాను: 'పట్టుచీర మీద నెయ్యి పడగ'. మూడో పాదంలో వంటింట్లో పెట్రోలు తెప్పిద్దామని ఆలోచన.

నిర్వాహకుడు: 'ప'కు 'నె'తో యతి కుదరదు బాబూ. 'పట్టుచీర మీద బడగ నెయ్యి' అని తిప్పు.

కెమిస్ట్రీ మాస్టారు: యతి తప్పితే పద్యమే పోతుంది, పెట్రోలు తెస్తే ఇల్లే పోతుంది! దాని ఆవిరి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా నిప్పంటుకుంటుంది. గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా పొయ్యి దాకా పాకుతుంది. కిరసనాయిలుకు 38 డిగ్రీలు దాటాలి. అంటే మన మే నెలలో అదీ నమ్మదగింది కాదు, కాకినాడ వారూ పెరట్లోనే కడగండి. పట్టుచీరకైతే ముఖానికి వేసుకునే పౌడరు చల్లి, నెయ్యి పీల్చుకున్నాక దులిపి, చాకలికో డ్రైక్లీనింగ్‌కో ఇవ్వు.

కొత్త చెయ్యి: పౌడరుకు యతి వెతుక్కుంటాను సార్. ఇంకో సందేహం, సాంబారు పడ్డ తెల్లచొక్కాకు సబ్బు పెడితే మరక ఎర్రగా మారిందేమిటి?

కెమిస్ట్రీ మాస్టారు: పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్, సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బెంగపడకు, ఎండలో ఆరేస్తే ఆ రంగు వెలిసిపోతుంది.

నిర్వాహకుడు: ఆగండాగండి, వచ్చే వారం సమస్య దొరికింది:

సబ్బు పెట్ట పసుపు జాజురంగు