నాయకుల మీద నమ్మకం ఎప్పుడో పోయింది, ఇప్పుడు మనిషి మీదే పోతోంది. మీకెలా ఉంది?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
ఒక చానల్లో యుద్ధం, ఇంకో చానల్లో మన నాయకులు ఒకరి ఇంటి ఆడవాళ్లని ఇంకొకరు తిట్టుకోవడం. చికాగోలో అణు శాస్త్రవేత్తల పత్రిక వాళ్లు ఒక గడియారం నడుపుతున్నారు కదా, దాని ముల్లు అర్ధరాత్రికి చేరితే ప్రపంచం అయిపోయినట్టు లెక్క. 1991లో ఇంకా 17 నిమిషాలు ఉందన్నారు, 2025లో 89 సెకన్లే అన్నారు. మా అమ్మాయి మొన్న "పిల్లల్ని కనాలని లేదు నాన్నా, ఎవరి చేతిలో పెట్టాలి" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. మన జిల్లాల్లో మిగతావాళ్లకీ ఇలాగే ఉందా, నాకే వయసు మీద పడుతోందా?

కవిటి కుర్రాడు:
అణుబాంబు దాకా ఎందుకన్నా? మా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పనంటారు, పురుగుమందులంటారు, శాంపిల్స్ పట్టుకెళ్తారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, రీసెర్చ్ సెంటరు 2023 డిసెంబరులో తెరిచారు, మంచిదే, కానీ మా చిన్నాన్న అప్పటికే లేడు. ఎన్నికలొస్తే మాత్రం అన్ని పార్టీలూ వచ్చి మా మామ్మల పక్కన కూర్చుని ఫొటో దిగుతాయి. నిరాశ మాకు టీవీ చూసి రాలేదు.

బీల గాలి (సోంపేట):
2010 జులై 14 గుర్తుందా ఎవరికైనా? థర్మల్ ప్లాంటు వద్దని మా బీల, అంటే చిత్తడి నేల కోసం జనం అడ్డంగా నిలబడితే కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. అదే రోజు! ఆ కాగితం ఒక్కరోజు ముందొస్తే ఏం పోయేది? ఏదేమైనా ప్లాంటు రాలేదు, అది ఏ నాయకుడూ మాకు పెట్టిన భిక్ష కాదు. కాబట్టి మనిషి మీద నమ్మకం పోయిందంటే నేను ఒప్పుకోను, నాయకుల సంగతి మీ ఇష్టం.

రణస్థలం రాజు:
గెలిచిన ఊరివాడివి, నువ్వు ఎన్నైనా చెప్తావు బావూ. కొవ్వాడ వచ్చి చూడు. ఒక్కోటి 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కడతామన్నారు, ఏళ్లు గడిచాయి, ఒక్కటీ లేవలేదు. ఇల్లు బాగు చేసుకోవాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేక బతకడం ఎలా ఉంటుందో తెలుసా? వస్తే భయం, రాకపోతే ఇన్నాళ్లూ దేనికి ఆగామన్న కోపం. వేటకెళ్లే కుర్రాళ్లు గుజరాత్ వెళ్లిపోతున్నారు.

కోట దగ్గర మాస్టారు (విజయనగరం):
గడియారం సంగతి సగమే చెప్పారు. 1991లో ముల్లు వెనక్కి జరిగింది బుష్, గోర్బచేవ్ ఆయుధాలు తగ్గించుకుంటామని సంతకాలు పెట్టడం వల్లే, వాళ్లూ నాయకులే కదా! అంతకుముందు 1982 జూన్ 12న న్యూయార్క్‌లో దాదాపు పది లక్షల మంది అణ్వాయుధాలు వద్దని వీధుల్లోకి వచ్చారు. సంతకాలకి అదొక్కటే కారణమని నేను అనను. మన దగ్గరేమో భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, మూడోది జరగనందుకు సంతోషించాలి.

చంపావతి:
నాగావళి గట్టు గారూ, మీ అమ్మాయి వయసే ఉంటుంది నాది. "ఎవరి చేతిలో పెట్టాలి" అంటే మీరు మోదీ, ట్రంప్ గురించి అనుకున్నట్టున్నారు. ఉద్యోగానికి వెళ్తే పిల్లని ఎవరు చూస్తారని అడిగిందేమో! మా ఆఫీసులో పెళ్లైన ఆడవాళ్లందరి టెన్షన్ అదే, అణుయుద్ధం గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఒకసారి సరిగ్గా అడగండి.

నాగావళి గట్టు:
అమ్మా, ఆ ఆలోచనే రాలేదు నాకు. వాళ్లమ్మని అడగమంటాను.

చంపావతి:
వాళ్లమ్మ కాదండీ, మీరే అడగండి.

మియాపూర్ మందస:
మన సంగతి కూడా మాట్లాడండి. తిత్లీ తుఫానులో మా జీడితోట పోయాక నేను హైదరాబాద్ వచ్చేశాను. ప్రతి ఎన్నికకీ ఊరికి రానూ పోనూ బస్సు పార్టీవాళ్లే పెడతారు, దిగగానే కవరు చేతిలో పెడతారు. నేనూ తీసుకున్నాను. నాయకులు ఆకాశం నుంచి ఊడిపడ్డారా?

కవిటి కుర్రాడు:
కవరు తీసుకున్నోడు ఇక్కడ నాయకుల్ని తిట్టకూడదు మరి.

మియాపూర్ మందస:
ఇద్దరి దగ్గరా తీసుకుని మూడోవాడికి వేశాను తమ్ముడూ. వాడికి డిపాజిట్ కూడా రాలేదు.