"సరినగర"లోని సరి మన సరేనా?

నీరెండ:
రెండు రోజులుగా జపాన్ కవి ఇస్సా హైకూ (మూడు పాదాల చిన్న కవిత) ఒకటి నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. "మంచు లోకమిది, మంచు లోకమే..." ఆ తరవాత "అయినా" ఒకటా, రెండా? వచ్చే నెల మా అక్క కూతురి సంవత్సరీకం. అక్కకు ఉత్తరం రాస్తూ ఇక్కడ ఆగాను. మూలం ఎవరికైనా నోటికి వచ్చా?

పాతసంచిక:
త్సుయు నొ యొ వ / త్సుయు నొ యొ నగర / సరినగర. 1819లో కూతురు సాతో మశూచితో పోయినప్పటిది. "అయినా" అనే అర్థమిచ్చే "నగర" రెండుసార్లుంది కనక "అయినా" కూడా రెండుసార్లు ఉండాల్సిందే. ఆ "సరినగర" నాకెప్పుడూ మన "సరే గానీ"లా వినిపిస్తుంది. లోకం అశాశ్వతం, సరే. గానీ...

గసడదవ:
వినడానికి బాగుంది మాష్టారూ, కానీ అది మన సరి కాదు. స + అరి, "అట్లు ఉండు" అని. అసలు చిక్కు మొదటి "నగర"లో ఉంది. నామవాచకం మీద చేరితే దానికి రెండర్థాలు. "కొదొమొ నగర" అంటే పిల్లవాడే అయినా. "ముకషి నగర" అంటే పూర్వం ఉన్నట్టే, మార్పు లేకుండా. నేనిక్కడ రెండోదే తీసుకుంటాను: మంచు లోకం మంచు లోకంగానే ఉంది, అయినా... అంటే "అయినా" ఒక్కటే.

పాతసంచిక:
ఒప్పుకోను. దుఃఖంలో ఉన్న మనిషి అన్నమాటే మళ్లీ అంటాడు. అర్థం మార్చేస్తే ఆ తడబాటు పోతుంది.

మొగలిపొద:
ఒక్కసారి ఆ ఇల్లు తలుచుకోండి. పొక్కులు ఎండి రాలుతున్నాయని సంబరపడ్డారు. గడ్డితో మూత అల్లి, వెదురాకు నీళ్ల తంతు జరిపి మశూచి దేవుణ్ణి పంపేశారు, మన ఊళ్లలో అమ్మవారిని సాగనంపినట్టే. అయినా పిల్ల దక్కలేదు. పారిన నీరు తిరిగి రాదు, రాలిన పువ్వు కొమ్మకెక్కదు అని "అకిరమె" ముఖం పెట్టినా మమకారం తెగలేదని తనే రాసుకున్నాడు. జోదో షిన్ అనే బౌద్ధ శాఖ భక్తుడు, అనిత్యం ఆయనకు ఒకరు చెప్పాలా! "నలినీదళగత జలమతితరలం" అని మనమూ చదువుకున్నాం. అక్కడ నీటిబొట్టు చూపించి మోహం వదలమంటారు. ఇస్సా వదల్లేనన్నాడు, అందుకే పిల్లలు పోయినవాళ్లకు ఇది చెప్పగలం.

పాతసంచిక:
అకిరమె అంటే సరిపెట్టుకోవడం. చూశారా, మళ్లీ సరి!

గసడదవ:
దాని మూలార్థం తేటతెల్లం చేసుకోవడం. "అకిరక" అంటే స్పష్టం. సరిపెట్టుకోవడం తరవాత వచ్చిన అర్థం.

నీరెండ:
నాకు తడబాటే కావాలి. రెండు "అయినా"లూ ఉంచాను.

గసడదవ:
ఉంచండి. కానీ "మంచు" ఒక్కటే రాస్తే హిమం అనుకుంటారు. త్సుయు అంటే గడ్డి మీది నీటిబొట్టు.

పాతసంచిక:
మా వైపు తెల్లారి గడ్డివాము తడిపేదాన్ని మంచనే అంటాం. తుషారం అనమంటారా?

మొగలిపొద:
అక్కకు రాసే ఉత్తరంలో తుషారం వద్దండీ. "మంచుబొట్టు" అంటే?

గసడదవ:
"త్సుయు నొ యొ"లో బొట్టు ఎక్కడుంది?