హైబ్రిడ్ వరి గింజలు దాచి మళ్లీ వేయొచ్చా?

నిరుడు హైబ్రిడ్ వరి గింజలు దాచి ఈసారి నారు పోశాను, పైరు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి! ఏదో జీన్ మారిస్తే ఈ బాధ ఉండదట, నిజమేనా?

జవాబు 1: నిజమే అండీ. పిండం మొదలవ్వడానికి బేబీ బూమ్ 1 అనే జీన్ పనిచేయాలి, మామూలుగా ముందు పనిచేసేది పుప్పొడి వైపు నుంచి వచ్చిన కాపీయే. 2018లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు దాన్ని అండంలోనే పనిచేయించి, క్షయకరణ విభజన (అండం, పుప్పొడి తయారయ్యేటప్పుడు జీన్లు కలగలిసి సగమయ్యే విభజన) బదులు మామూలు విభజన జరిగేలా చేస్తే అచ్చం తల్లి మొక్కలాంటి పిల్లలు వచ్చాయి. గింజలన్నీ కాదు, కొన్నే.

జవాబు 2: అయితే పరాగ సంపర్కమే అక్కర్లేదా?

జవాబు 1: కావాలి! పిండానికి అక్కర్లేదు గానీ, మనం తినే బియ్యపు భాగం, అదే అంకురచ్ఛదం, దానికి ఫలదీకరణ జరగాల్సిందే. 2022లో ఒక హైబ్రిడ్‌లో నకలు గింజలు 95 శాతం దాటాయి.

జవాబు 3: ఇదంతా ల్యాబ్‌లో సంగతి బ్రదర్, ఈసారికి కొత్త విత్తనమే కొనుక్కో.