అప్‌డేట్: జిల్లాల పట్టిక షీట్‌లోకి వచ్చింది, మొత్తమూ కుదిరింది

వికీపీడియాలోని తెలంగాణ 33 జిల్లాల పట్టికను గూగుల్ షీట్స్‌లోకి ఇంపోర్ట్‌హెచ్‌టీఎంఎల్ ఫార్ములాతో (వెబ్ పేజీలోని పట్టికను షీట్‌లోకి లాగేది) తెచ్చుకోబోతే పక్కనుండే సమాచారపెట్టె మాత్రమే వస్తోందని, మరో ప్రయత్నంలో జనాభా మొత్తం తప్పుగా తేలుతోందని ఇంతకుముందు అడిగాను. రెండూ తీరాయి.

మొదటిది నా పొరపాటే. ఆ పెట్టె కూడా పేజీ కోడ్‌లో ఒక పట్టికే కాబట్టి పట్టికల లెక్క 1 నుంచి దానితోనే మొదలవుతుంది. ఎన్నో పట్టిక కావాలో చెప్పే ఫార్ములా చివరి అంకెను ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోతే నాకు కావలసిన పట్టిక దొరికింది.

రెండోదే నన్ను రెండు సాయంత్రాలు కూర్చోబెట్టింది. కొన్ని గడుల్లో సంఖ్య పక్కనే చదరపు బ్రాకెట్లలో పాదసూచిక అంకె అతుక్కుని రావడం వల్ల షీట్ వాటిని అక్షరాలుగా భావించింది; కూడిక చేసే సమ్ ఫార్ములా అక్షరాలున్న గడులను ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది కనుక మొత్తం తగ్గింది. ఒక నమూనాకు సరిపోయే అక్షరాలను మార్చే రెజెక్స్‌రీప్లేస్ ఫార్ములాతో బ్రాకెట్లను లోపలి అంకెతో సహా, కామాలనూ తీసేసి, ఫలితాన్ని అక్షరాలను సంఖ్యగా మార్చే వాల్యూ ఫార్ములాకు అందించాను. అయితే రెజెక్స్‌రీప్లేస్ అక్షరాలనే స్వీకరిస్తుంది. అప్పటికే సంఖ్యలుగా ఉన్న గడుల దగ్గర ఎర్రర్ ఇవ్వడంతో, సంఖ్యను అక్షరాలుగా మార్చడానికి గడి పేరు తరువాత యాంపర్‌సాండ్ (&), ఖాళీ కొటేషన్ గుర్తులు ("") చేర్చవలసి వచ్చింది. ఈ ఫార్ములాలను తెచ్చిన పట్టికలో కాకుండా పక్క నిలువు వరుసలో రాసుకోవడం మేలు, ఎందుకంటే షీట్ తెరిచి ఉన్నంతసేపూ గంటకొకసారి పట్టిక మళ్లీ దిగుమతి అవుతుంది.

కూరగాయల ధరల పేజీ ఒకటి మాత్రం లొంగలేదు. అక్కడి పట్టికను పేజీ తెరిచాక బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ కోడ్ నింపుతుంది, ఇంపోర్ట్‌హెచ్‌టీఎంఎల్ ఆ కోడ్‌ను నడపదు. ప్రస్తుతానికి చేత్తో కాపీ చేసుకుంటున్నాను.