స్నాప్‌కు ముందే గీత దాటితే తప్పు కదా, పోలమాలు ఎలా దూకాడు?

ప్రశ్న (గోదారిగట్టు):
అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం మొదలుపెట్టి నాకు రెండు సీజన్లే అయింది. 2010లో టెనెసీ టైటన్స్‌తో జరిగిన ఆటలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు ట్రాయ్ పోలమాలు, సెంటర్ బంతిని వెనక్కి అందించిన (స్నాప్) క్షణంలోనే, ముందు వరుసలో నిలబడే లైన్‌మెన్ మీదుగా ఎగిరి ఆ బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ కెర్రీ కాలిన్స్‌ను పట్టి పడేసిన దృశ్యం మొన్న చూశాను. ఆ క్షణం అతడికి ముందే ఎలా తెలిసింది? తెలుసుకునే ఉపాయమే ఉంటే డిఫెన్స్‌వాళ్లు అందరూ ప్రతిసారీ అలాగే ఎందుకు చేయరు?

జవాబు (నలభైసెకన్లు):
గోదారిగట్టు గారూ, అదృష్టం పాలు కొంత ఉన్నా, అసలు పని కళ్లది. ప్రేక్షకుల హోరులో క్వార్టర్‌బ్యాక్ కేక వినిపించనప్పుడు, సెంటర్ పక్కనున్న లైన్‌మన్ (గార్డు) వెనక్కి చూసి, సైగ అందగానే సెంటర్‌ను చేత్తో తడతాడు. సెంటర్ తల ఎత్తి, ఒక లెక్క ప్రకారం ఆగి, బంతి వదులుతాడు. ఆ విరామం ప్రతిసారీ ఒకేలా ఉంటే ఎదుటివాడు రెండో క్వార్టర్‌కల్లా దాన్ని మనసులో లెక్కపెట్టుకుంటాడు. కొందరు సెంటర్లకు బంతి కదిపే ముందు వేళ్లు బిగించే అలవాటు ఉంటుంది, అది వాళ్లకే తెలియదు. వీటన్నిటికంటే తేలికైన ఆనవాలు ప్లే క్లాక్, అంటే స్నాప్‌కు మిగిలిన సెకన్లు చూపే గడియారం: అది ఒకటికి చేరిందంటే స్నాప్ ఇక ఆగదు. డిఫెన్స్ ఆటగాడు స్నాప్‌కు ముందు ఎంత పరుగెత్తినా తప్పు లేదు, బంతి కదిలే వేళకు, బంతి ఉంచిన చోటి గీతకు తన వైపు ఉంటే చాలు.

జవాబు (ఎర్రజెండా):
అందరూ చేయకపోవడానికి కారణం హార్డ్ కౌంట్. క్వార్టర్‌బ్యాక్ గొంతులో ఒక్కసారిగా ఊపు తెచ్చి, స్నాప్ వస్తోందని నమ్మించి, ఎదుటివాణ్ణి తొందరపెడతాడు. ఇందులో క్వార్టర్‌బ్యాక్ ఏరన్ రాడ్జర్స్ దిట్ట. డిఫెన్స్‌వాడు గీత దాటగానే స్నాప్ తీసుకుంటే, అనేక సందర్భాల్లో ఆట ఆగదు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ దూరంగా విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కినా, అతడి జట్టు శిక్షను ఎంచుకుని బంతిని దక్కించుకోవచ్చు. మూడో డౌన్‌లో (పది గజాలు సాధించడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) నాలుగు గజాలు కావలసినప్పుడు అయిదు గజాల శిక్ష పడితే కొత్త డౌన్లు ఉచితంగా ఇచ్చినట్టే.

గోదారిగట్టు:
మరి బంతి గోల్ గీతకు ఆనుకుని ఉంటే? అక్కడ అయిదు గజాలు ఇవ్వడానికి చోటే లేదు కదా.

ఎర్రజెండా:
అసలు కిటుకు అక్కడే పట్టుకున్నారు. అక్కడ మిగిలిన దూరంలో సగమే శిక్ష, అంటే కొన్ని అంగుళాలు. 2025 జనవరిలో ఎన్‌ఎఫ్‌సీ (ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో వాషింగ్టన్ ఆటగాడు ఫ్రాంకీ లువు, ఫిలడెల్ఫియా ఈగల్స్ తోపుడు ఆటను (క్వార్టర్‌బ్యాక్‌ను వెనక నుంచి తోస్తూ ముందుకు నెట్టే ఎత్తు) ఆపాలని రెండుసార్లు ముందుగానే లైన్ మీదుగా దూకాడు. పోయేదేమీ లేదనుకున్నట్టుంది, నాకైతే అది తెలివిగానే తోచింది. ఆ తరువాత కూడా వాషింగ్టన్ జట్టు మరోసారి గీత దాటడంతో, ఇలాగే కొనసాగితే పాయింట్లు ఇచ్చేసే అధికారం తమకు ఉందని రిఫరీ మైక్‌లో ప్రకటించాడు. ఆపైన ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తోసుకుంటూ వెళ్లి టచ్‌డౌన్ చేశాడు, ఈగల్స్ 55–23తో గెలిచారు.