కసుగయామ అడవిలో జింకలకు కంచె వేయడం తప్పా?

ఒసాకా_తెలుగోడు:
జపాన్‌లోని నారా ఊరికి వెళ్లినవాళ్లు పార్కులో జింకలకు బిస్కెట్లు పెట్టి, తొదైజీ అనే బౌద్ధ ఆలయంలో పెద్ద బుద్ధుణ్ణి చూసి తిరుగు రైలెక్కేస్తారు. కసుగ గుడి వెనక కసుగయామ కొండంతా అడవే, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. గుడి 768 నాటిది. ఆ కొండ దేవుడిది కాబట్టి అక్కడ వేటాడకూడదు, చెట్టు కొట్టకూడదని 841లో ఆజ్ఞ వచ్చింది. ఊరిని ఆనుకుని ఉన్నా ఇన్నాళ్లు నిలిచింది అందుకే. 1998లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. చుట్టుదారిలో నడుస్తుంటే లోపల అక్కడక్కడా వల కంచెలు కనిపించాయి. జింకలు రాకుండానట! ఆ దేవుడు తెల్లజింక నెక్కి వచ్చాడని కదా కథ. ఆయన అడవిలోకి ఆయన జింకనే రానివ్వకపోతే ఎలా? నాకు నచ్చలేదు. మీరేమంటారు?

పచ్చనాకు:
కంచె లోపలి నేల, బయటి నేల పోల్చి చూశారా అండీ? తలెత్తితే అడవి బ్రహ్మాండం. కిందికి చూస్తే పిల్లచెట్లు కరువు. ఓక్ గింజలు రాలతాయి, మొలుస్తాయి, చేతి ఎత్తు రాకముందే జింక మేసేస్తుంది. అది నోరు పెట్టని నగి, టాలో చెట్లు మాత్రం ఏపుగా పెరుగుతున్నాయి. గాలివానకి ఓక్ పడితే ఆ ఖాళీలో ఓక్ పిల్లే రావాలి, ఇప్పుడు నగి వస్తోంది. పైగా పురుగులు మోసుకొచ్చే తెగులు ఒకటి పెద్ద ఓక్ చెట్లనే చంపుతోంది. చచ్చినదాని చోట నిలబడేదేది?

కొండగాలి:
మారితే మారనివ్వండి. నగి కూడా ఆ గుడికి కావలసిన చెట్టే కదా. ముట్టుకోవద్దన్నారు కాబట్టే ఆ అడవి మిగిలింది. ఇవాళ కంచె అంటారు, రేపు తుపాకీ అంటారు. నారా పార్కుకి దూరంగా ఉన్న ప్రాంతంలో 2017 నుంచి జింకల్ని పట్టి చంపడం మొదలైంది, తెలుసుగా?

పచ్చనాకు:
తెలుసు. అది పొలాలు పాడవుతున్నాయని, గుడి చుట్టుపక్కల కాదు. ఇక ముట్టుకోలేదన్నమాట సంగతి. 16వ శతాబ్దం చివర్లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి ఆ కొండ మీద 10,000 సుగి (జపాన్ దేవదారు) చెట్లు నాటించాడని చెబుతారు. టాలో అసలు చైనా చెట్టు, మనుషులు తెచ్చి నాటితే పక్షులు గింజల్ని అడవిలోకి చేర్చాయి. జింకల సంఖ్య కూడా ప్రకృతి లెక్క కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి 79 మిగిలాయి, ఇప్పుడు 1,300 దాటాయి. వాటిని తినే తోడేలు జపాన్‌లో చివరిసారి దొరికింది 1905లో, అదీ ఇదే నారా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది). తోడేలు లేదు, వేట లేదు, ఇక మేతకి అడ్డేముంది? చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా జింక పక్షాన తీర్పు ఇవ్వడమే.

లెక్కల_పిచ్చి:
ఒక్క మాట. ఆ 1,300 నారా పార్కులో తిరిగేవాటి లెక్క. అడవి లోపల ఎన్నున్నాయో అది చెప్పదు. బిస్కెట్లు తినే జింకలన్నీ రాత్రికి కొండెక్కి ఓక్ మొలకలు తింటాయన్నట్టు రాయకండి.

పచ్చనాకు:
ఒప్పుకుంటా. కానీ మొలకలు మేసినట్టు నేల మీద కనిపిస్తూనే ఉంది, తినేది ఏ జింకైతేనేం.

కొండగాలి:
కనీసం భక్తులకి, యాత్రికులకి చెప్పాలి కదా! కంచె పక్కన ఒక బోర్డు పెట్టి ఎందుకో వివరంగా రాస్తే ఈ గొడవలో సగం ఉండదు.

ఒసాకా_తెలుగోడు:
బోర్డు మాట నిజం. నాకింకో అనుమానం. కంచె ఎన్నాళ్లు? మొక్క జింకకి అందనంత ఎత్తు ఎదిగాక తీసేస్తే కొత్త మొలకల పని మళ్లీ మొదటికే వస్తుంది. ఉంచేస్తే అది అడవా, తోటా?

పచ్చనాకు:
అడవంతా చుట్టేయమని నేను అనలేదు. పెద్దచెట్టు పడి వెలుగు దిగిన చోట వేయాలి, అక్కడ చెట్లు ఎదిగాక తీసి, తర్వాత ఖాళీ పడిన చోటికి మార్చాలి. మనిషి తెచ్చిన టాలో చెట్లని ఏరేయాలి. గుడి దగ్గర నగి జోలికి వెళ్లొద్దు.

కొండగాలి:
ఏరేయడమంటే గొడ్డలేగా? 841 ఆజ్ఞ ఏమైంది మరి?